తాళపుచెవి ఒకరిది, తలుపు వేరొకరిది

ఉత్తర తెలంగాణపు పాత ఇండ్లలో సందుగకు ఒక గౌరవ ముండెడిది. ఇల్లాలి పట్టుచీరలు, భూమి కాగితములు, గుడ్డలో మూటగట్టిన బంగారము అన్నియు అందులోనే యుండెడివి. ధాన్యము గుమ్మిలో నిలిచెడిది. మిగిలినది పాతరలో దాగెడిది. దాచుకొన్నవాడును కాపలావాడును ఒక్కడే గనుక, సొత్తు పోయినచో బాధ్యు లెవరను ప్రశ్నయే పుట్టెడిది కాదు.

ఆ కాలము మారినది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములనుండి ఎందరో బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు వలసపోయిరి. ఇంటికి తాళము వేసి పోవువారు నగలను బ్యాంకు లాకరులో ఉంచి పోవుదురు. జగిత్యాల రైతు పసుపును, ఆదిలాబాదు రైతు ప్రత్తిని గిడ్డంగిలో ఉంచి మంచి ధరకై ఎదురుచూతురు. అమెరికాలో ఇంటిసామాను దాచుకొనుటకే గదులను అద్దె కిచ్చు గిడ్డంగులు ఊరూర వెలసినవి. ఆ పద్ధతి హైదరాబాదు వంటి మన నగరములకును వచ్చినది. అచ్చటి ఒడంబడికలలో సాధారణముగా కనబడు షరతు ఒకటి కలదు: “మేము స్థలమును మాత్రమే అద్దె కిచ్చుచున్నాము, మీ వస్తువులకు మేము సంరక్షకులము కాము, బీమా మీరే చేసికొనవలెను.”

సొత్తు మనది, చోటు వేరొకరిది. చోటునకు అద్దె చెల్లించినంత మాత్రమున సొత్తునకు హామీ లభించినట్లేనా? దొంగ వచ్చిపోయిన మరునాడు గాని చాలమందికి ఈ ప్రశ్న తట్టదు.

ఉపనిధియు నిక్షేపమును

ఈ ప్రశ్న మన పెద్దలకు క్రొత్తది కాదు. ఒకరి సొత్తును మరియొకరివద్ద దాచుటను ధర్మశాస్త్రకారులు రెండు విధములుగా విభజించిరి. ఎదుట లెక్కపెట్టి అప్పగించినది నిక్షేపము. లోపల ఏమున్నదో చెప్పక, ముద్రవేసిన పెట్టెలో నుంచి ఇచ్చినది ఉపనిధి. దాచుకొన్నవాడు రాజువలన గాని, దైవికముగా గాని, తస్కరులవలన గాని ఉపనిధిని కోల్పోయినచో, దానిని చెల్లింప నక్కరలేదని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పుచున్నది. యజమాని అడిగినను ఈయక జాగుచేసినచో మాత్రము ఆ రక్షణ యుండదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర వ్యాఖ్యనే ఆధారముగా గొని పదమూడవ శతాబ్దిలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయమును రచించెను. న్యాయశాస్త్రము తెలుగువానికి తెలుగులోనే అందవలెనను తలంపు అంత పాతది.

నేటి చట్టమునకు మూలము 1872 నాటి భారత ఒప్పందముల చట్టము. తనకు అప్పగించిన వస్తువును, సామాన్య వివేకముగల మనుష్యుడు తన సొంత వస్తువును కాపాడుకొనునంత శ్రద్ధతో కాపాడవలెనని అందలి 151వ సెక్షను విధించుచున్నది. అంత శ్రద్ధ చూపియు వస్తువు పోయినచో, వేరుగా ఒప్పుకొన్న షరతు లేనియెడల, అతడు బాధ్యుడు కాడని 152వ సెక్షను తెలుపుచున్నది. కావున వివాద మంతయు రెండు విషయములచుట్టు తిరుగును: వస్తువును నిజముగా అప్పగించితిమా? అప్పగించినది ఏమిటో రుజువు కలదా?

రెండు దొంగతనములు

వరంగల్లు జిల్లా రాయపర్తిలోని ఒక బ్యాంకు శాఖలో 2024 నవంబరులో దొంగలు కిటికీ ఊచలు తొలగించి లోపలికి చొరబడి, గ్యాసు కట్టరుతో ఇనుప పెట్టెలను కోసి, ప్రజలు కుదువబెట్టిన సుమారు 19 కిలోల బంగారు నగలను దోచుకొనిపోయిరి. ఇది లోకమునకు తెలిసిన దొంగతనము. తలుపు విరిగినది, గోడ సాక్ష్యము చెప్పినది.

రెండవది పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో జరిగినది. నేడు మంచిర్యాల జిల్లాలోనున్న చెన్నూరులో, 2025 ఆగస్టులో, ఒక బ్యాంకు శాఖలో కుదువనున్న ఇరువది కిలోలకు పైగా బంగారము మాయమైనట్లు బయటపడెను. ఆ శాఖలో పనిచేయు ఉద్యోగియే నగలను బయటికి తరలించి, ఇతరుల పేర్లతో ప్రైవేటు సంస్థలలో మరల తాకట్టు పెట్టించెనని పోలీసులు ఆరోపించిరి. ఇచ్చట తలుపు విరుగలేదు, ఊచ వంగలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత ఊరక పుట్టలేదు.

నష్టపోయిన కుటుంబమునకు ఈ రెండును ఒక్కటియే. కూతురు పెండ్లికని దాచిన గొలుసు కిటికీలోనుండి పోయిన నేమి, వాకిటిలోనుండి పోయిన నేమి? కాని బీమా పత్రము దృష్టిలో ఆ భేదమే సర్వస్వము కావచ్చును.

ఒక్క మాట విలువ

యునైటెడ్ ఇండియా బీమా సంస్థకును హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ అను వర్తకులకును నడచిన వ్యాజ్యములో 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వర్తకుల సరకు దొంగిలింపబడినది. వారికి బీమా కలదు. వినియోగదారుల న్యాయస్థానములు క్రింద వారి పక్షముననే తీర్పిచ్చినవి. అయినను సుప్రీంకోర్టు ఒప్పుకొనలేదు. పాలసీలో దొంగతనమునకు ముందు బలప్రయోగముతో కూడిన ప్రవేశము జరుగవలెనని స్పష్టముగా నున్నదనియు, బలప్రయోగము లేని చోట పరిహారము రాదనియు, ఒప్పందములోని మాటలకు న్యాయస్థానము క్రొత్త మాటలు చేర్చజాలదనియు తేల్చెను. తమ పాలసీలను సవరించుకొను విషయము బీమా సంస్థలే ఆలోచింపవలెనని కూడ సూచించెను.

ఆ వర్తకులవద్ద నున్నవంటి పాలసీ మాత్రమే యున్నచో, రాయపర్తి వంటి దొంగతనము దాని పరిధిలోనికి వచ్చును. చెన్నూరు వంటిది రాదు. ఉద్యోగుల మోసమునకు వేరు రక్షణ తీసికొనవలెను. బ్యాంకులు అట్టి బీమాను వేరుగా చేసికొనును. అయితే అది బ్యాంకునకును బీమా సంస్థకును నడుమ వ్యవహారము. నగలు కుదువబెట్టినవాని హక్కు బ్యాంకుపైననే. బ్యాంకు తూచి, వ్రాసి, రసీదు ఇచ్చి తీసికొన్న బంగారము నిక్షేపమే గాని ఉపనిధి కాదు. బీమా డబ్బు వచ్చినను రాకున్నను లెక్క ఒప్పజెప్పవలసినది బ్యాంకే. బంగారు రుణములపై రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో వెలువరించిన నిబంధనలు నగల తూకమును, స్వచ్ఛతను తెలుపు పత్రమును రుణము తీసికొన్నవాని చేతి కీయవలెనని ఆదేశించినవి. ఆ కాగితమును నగతో సమానముగా భద్రపరచుకొనవలెను.

లాకరు లెక్క

లాకరు సంగతి వేరు. లోపల ఏమున్నదో బ్యాంకునకు తెలియదు, తెలియరాదు కూడ. ఇది అచ్చముగా ఉపనిధి. ఈ నెపముననే బ్యాంకులు చిరకాలము తమకు బాధ్యత లేదని వాదించుచు వచ్చినవి. కలకత్తా వాస్తవ్యుడైన ఖాతాదారునకును యునైటెడ్ బ్యాంకునకును నడచిన వ్యాజ్యము ఈ వాదమునకు గండి కొట్టెను. అద్దె బాకీ యున్నదని 1994లో ఆయనకు తెలుపకయే బ్యాంకు లాకరును పగులగొట్టెను. నిజమునకు అద్దె చెల్లించియే యుండెను. ఏడు నగలుండగా రెండే తిరిగి వచ్చినవని ఆయన చెప్పుకొనెను. 2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు బ్యాంకు నిర్లక్ష్యమునకు 5 లక్షల రూపాయలు చెల్లింపుమని ఆజ్ఞాపించెను. కాని పోయినవి ఎన్ని నగలను ప్రశ్న సాక్ష్యముతో తేలవలసినది గనుక దానికై సివిలు కోర్టునకు పోవలసినదని చెప్పెను. పాతికేండ్లకు పైగా పోరాడి గెలిచినవానికి కూడ జాబితా లేని నగల లెక్క తేలలేదు.

ఆ తీర్పు ననుసరించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో వెలువరించిన నిబంధనలు 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. అగ్నిప్రమాదము, దొంగతనము, దోపిడి, భవనము కూలుట, ఉద్యోగుల మోసము, వీనివలన లాకరులోని సొత్తు పోయినచో వార్షికపు అద్దెకు నూరు రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహింపవలెను. భూకంపము, వరద, పిడుగు వంటివానికి బాధ్యత లేదు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన మూడు మినహాయింపులలో దైవము నేటికిని నిలిచియే యున్నది. తస్కరుడు మాత్రము ఆ వరుసనుండి తొలగెను.

నూరు రెట్లనగా ఎంతో యనిపించును. కాని అద్దె ఏటికి 3,000 రూపాయలైనచో, నూరు రెట్లు 3 లక్షలు. లాకరులో 12 లక్షల బంగార మున్నచో, మిగిలిన 9 లక్షలు ఎవరివి? బ్యాంకు లాకరులోని వస్తువులకు బీమా చేయదు. అట్టి పాలసీని అమ్ముటకు దానికి అనుమతియు లేదు. డిపాజిట్లకు గల 5 లక్షల బీమా లాకరునకు వర్తింపదు. ఆ 9 లక్షల ముప్పు సొత్తు దాచినవానిదే. కావలసినచో వేరుగా నగల బీమా చేసికొనవలెను. ఇంటనే ఉంచుకొందమన్నను చిక్కు తప్పదు. పలు గృహబీమా పాలసీలలో ఇల్లు వరుసగా 30 దినములకు మించి తాళము వేసియున్నచో దొంగతనపు రక్షణ ఆగిపోవునను షరతు కలదు. దుబాయికి పోవు కుటుంబ మిది చదువకయే సంతకము చేయును.

చదువుకొన్నవారి పని

పల్లెలో ఏ కాగితము వచ్చినను ముందుగా బడిపంతులు చేతికే వచ్చును. ఆ నమ్మకము ఇచ్చట పనికి రావలెను. దాచిన నగల జాబితా, ఛాయాచిత్రములు, కొనుగోలు రసీదులు లాకరులో గాక వేరొక చోట నుండవలెను. లాకరు తెరచిన నాడే బ్యాంకు పంపవలసిన సందేశము వచ్చుచున్నదా యని చూచుకొనవలెను. గిడ్డంగిలో సరకు పెట్టువాడు 2007 నాటి చట్టము క్రింద నమోదైన గిడ్డంగియో కాదో విచారించి, బరువు, రకము వ్రాసిన రసీదు తీసికొనవలెను. పాలసీలో ‘దొంగతనము’ అనునది ఏ విధముగా నిర్వచింపబడినదో సంతకమునకు ముందే చదువవలెను. సొత్తు పోయినచో ఆలసింపక పోలీసులకును, బీమా సంస్థకును వ్రాతమూలముగా తెలుపవలెను. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన ఫలమేమి? న్యాయము జరుగలేదని తోచినచో జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును.

ఎనిమిదవ తరగతి విద్యార్థికి నూరుతో గుణించుట వచ్చును, తీసివేత వచ్చును. తన తల్లి లాకరు అద్దెను అడిగి తెలిసికొని, ఆ రెండు లెక్కలు చేసి, మిగిలిన అంకెను ఆమెకు చూపినచో, అది ఆ యింటికి ఎంతో మేలు చేయు పాఠము కాగలదు. తాళపుచెవి కొంగున ముడివేసికొనుట మన తల్లులకు తెలిసినదే. ఆ చెవితోపాటు తెచ్చుకొన్న కాగితమును చదివి వినిపించుట చదువు నేర్చిన బిడ్డల వంతు.