దసరాకు మైసూరు వెళ్తే కుస్తీ కూడా చూసి రండి



దసరా సెలవుల్లో మన కోలారు, కె.జి.ఎఫ్. ప్రాంతం నుంచి చాలా కుటుంబాలు మైసూరు వెళ్తుంటాయి. ప్యాలెస్ దీపాలు, జంబూసవారీ చూసి వచ్చేస్తారు. ఈసారి ఒక పూట కుస్తీకి కూడా కేటాయించండి. ఎందుకో చివర్లో చెప్తాను.

వెళ్లే దారి మీకు తెలిసిందే. మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా బెంగుళూరు, అక్కణ్ణుంచి మైసూరు రైలు. కుస్తీలు దొడ్డకెరె మైదానంలో, దేవరాజ అరసు స్టేడియంలోని సాహుకార్ చెన్నయ్య అఖాడాలో జరుగుతాయి. తేదీలు, వేళలు ఆ ఏటి దసరా కార్యక్రమ పట్టికలో చూసుకొని బయల్దేరండి.

అక్కడ రెండు రకాల కుస్తీ ఉంటుంది. పరుపు మీద పాయింట్లు లెక్కబెట్టేది ఒకటి. మట్టిలో పట్టే నాడ కుస్తీ రెండోది. ఇందులో పాయింట్లు లేవు, వీపు నేలకు అంటితే ఓటమి. బరువు, అనుభవం చూసి సమఉజ్జీలకు ముందే జోడీ కడతారు. అమ్మాయిలకూ పోటీలున్నాయి, వాళ్ల బిరుదు 'దసరా కిశోరి'.

విజయదశమి రోజు ప్యాలెస్ లోపల వజ్రముష్టి కాళగ జరుగుతుంది. గుండు చేయించుకున్న జెట్టీలు పిడికిలికి ఆయుధం తొడుక్కొని తలపడతారు. తల మీద నెత్తురు కనబడగానే ఆపేస్తారు. దానికి అందరికీ ప్రవేశం ఉండదు. మనం 'జగజెట్టి' అంటామే, ఆ మాటలో ఉన్నది ఈ జెట్టే.

చూసేటప్పుడు కొంచెం మర్యాద పాటించాలి. పహిల్వాన్లు మట్టిని కళ్లకద్దుకొని బరిలో దిగుతారు. కాబట్టి చెప్పులతో అటు పోకండి. ఫోటో కావాలంటే వస్తాదును అడగండి.

జపాన్ సుమోలోనూ ఇలాంటి పద్ధతే ఉంది. 4.55 మీటర్ల మట్టి బరిలో ముందు ఉప్పు చల్లి శుద్ధి చేస్తారు. బరి దాటినా, పాదం తప్ప ఒంట్లో ఇంకేది నేలకు తగిలినా ఓడినట్టే. గెలిచినవాడు గంతులు వేస్తే అక్కడ తప్పుపడతారు. ఇద్దరూ వంగి నమస్కరించుకొనే బయటికి వస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మన బడిలో కబడ్డీ అయ్యాక, ఓడిన జట్టు పిల్లల్ని కొందరు వారంపాటు ఎగతాళి చేశారు. ఒక బాబు రెండు రోజులు బడికే రాలేదు. ఆటలో ఓడినందుకు కాదు, ఆ మాటలకు. నాకు చాలా బాధేసింది.

అందుకే ఒక చిన్న పని ఇస్తున్నాను. కుస్తీ చూసి వచ్చినవాళ్లు సెలవుల తర్వాత ప్రార్థనలో రెండు నిమిషాలు మాట్లాడండి. గెలిచినవాడి గురించి అందరూ చెప్తారు. మీరు ఓడినవాడు ఎలా లేచాడో, గెలిచినవాడు అతనితో ఎలా నడుచుకున్నాడో చెప్పండి. వెళ్లలేని పిల్లలు ఇంట్లో తాతల్ని అడగండి, వాళ్ల కాలంలో సాము గరిడీలు ఎలా ఉండేవో. అదీ చెప్పవచ్చు.

ఆ బాబు కూడా వింటాడు.

– ప్రధానోపాధ్యాయుడు