కన్యాశుల్కం: వాడలోంచి చూస్తే

పి.పుల్లయ్య తీసిన 'కన్యాశుల్కం' (1955) మళ్లీ చూశాం. మధురవాణిగా సావిత్రి, గిరీశంగా ఎన్.టి.రామారావు బాగా చేశారు, అందులో పేచీ లేదు. కానీ చూస్తున్నంతసేపూ ఈ కష్టం ఎవరిదన్న ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

గురజాడ గాలిలో మాట్లాడలేదు. విజయనగరం మహారాజు విశాఖ జిల్లా తీరప్రాంతపు బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా రాయిస్తే మూడేళ్లకి 1034 తేలాయని 1897 నాటి పీఠికలో చెప్పాడు. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ఘోరమే. అయితే అవి బ్రాహ్మణ వివాహాలన్న సంగతి ఆయన దాచలేదు. తర్వాత వచ్చినవాళ్లే అగ్రహారపు రోగాన్ని తెలుగుజాతి మొత్తానికీ అంటగట్టారు.

మా వాడల్లో ఓలి ఇచ్చి పిల్లని తెచ్చుకోడం అప్పట్లో ఆచారం. మొగుడు పోతే మారుమనువు ఉండేది. బుచ్చమ్మకి అందనిది మా ముసలమ్మలకి మామూలు సంగతి. అలాగని వాళ్లు సుఖపడ్డారని కాదు. కళ్లంలో వెట్టి, అందరి బావిలో తోడుకోనివ్వని నీళ్లు, అదీ వాళ్ల కష్టం. ఈ కథలో దానికి చోటు లేదు. గురజాడకి మాలపిల్ల తెలీకపోలేదు, 'లవణరాజు కల'లో రాశాడు కూడా.

ఇహ అసిరిగాడు, లుబ్ధావధాన్లు ఇంటి పాలేరు. పేరు మావైపుదే, నాటకంలో వాడి మాటా మావైపుదే. వాడైనా ఆ ఇంట్లో మసిలాడు. మాలమాదిగలు ఆ గడప తొక్కే కాలం కాదది. సినిమా అయ్యాక మా పెద్దాయనొకరు, "ఆడి ఇల్లేటి సూపించనేదు బాబూ?" అన్నాడు. నాటకంలోనూ ఆ ఇంట్లోకి ఒక్క రంగమూ వెళ్లదు.