పేరు లేని నాలుగు తీగలు



కిందటి క్రిస్మసుకు ముందు నల్లజర్ల దగ్గరి ఒక పల్లె సంఘములో మాకొక చిక్కు వచ్చినది. ఆ సంఘములో బేస్ గిటారు వాయించే పిల్లవాడొకడున్నాడు. తండ్రి పొగాకు బ్యారన్ల దగ్గర కూలిపని చేస్తాడు. ఆదివారము ఆరాధనలో వాయించే ఆ చేతులే శనివారము రాత్రి తాడేపల్లిగూడెములో పెళ్లి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకు వాయిస్తున్నాయని పెద్దలకు తెలిసినది. "అయ్యగారూ, వాణ్ణి క్వయరులోనుండి తీసివేయండి. రాత్రిపూట ఆ స్టేజీల వెనక ఏమేమి జరుగుతాయో మీకు తెలియదు" అని సంఘపెద్ద ఒకరు వచ్చి కూర్చున్నారు. నిజము చెప్పవలెనంటే మా మనస్సు కూడ అటే మొగ్గినది.

తీర్పు చెప్పక ముందు ఆ పిల్లవాణ్ణి పిలిపించాము. వందనాలు చెప్పి గుమ్మము దగ్గరే నిలబడ్డాడు. ఆర్కెస్ట్రాకు ఎందుకు వెళ్తున్నావు బాబూ అని అడిగితే, "గిటారు అప్పుచేసి కొన్నామండి. పెళ్లిళ్ల రోజుల్లో వాయిస్తేనే అప్పు తీరుద్దండి" అన్నాడు. కొంతసేపు తల వంచుకొని, "నన్ను మానిపించినా పర్లేదండి అయ్యగారూ. మన గుళ్లో నేను వాయించేది ఎవరికీ వినపడదు కదండీ" అన్నాడు.

ఆ మాట మమ్మును రాత్రి నిద్రపోనివ్వలేదు.

వాడన్నది నిజమే. బేస్ గిటారుకు సాధారణముగా నాలుగే తీగలుంటవి. మామూలు గిటారులోని నాలుగు లావు తీగలకంటె అవి ఒక స్థాయి కిందికి పలుకుతవి. అన్నిటికంటె లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు మాత్రమే కంపించును. మన గుడిపైనున్న మైకు గొట్టాలు సన్నని స్వరమును పొలాల మీదుగా దూరము మోసుకొనిపోగలవు గాని, అంత లోతు స్వరమును పలుకలేవు. అందుచేత రోడ్డు మీద పోయేవారికి పాట వినబడును, కీబోర్డు వినబడును, డోలక్ వినబడును. ఈ పిల్లవాడు మాత్రము వినబడడు.

పూర్వము ఈ పని మనిషికంటె ఎత్తైన పెద్ద వాయిద్యముతో, నిలువుగా పట్టుకొని చేసేవారు. 1951లో అమెరికాలో రేడియో రిపేరు దుకాణము నడిపిన లియో ఫెండర్ దానిని భుజానికి తగిలించుకొనే గిటారుగా చేసి, మెడ మీద మెట్లు పెట్టి అమ్మకమునకు తెచ్చినాడు. ఆ వాయిద్యమునకు మాటలు నేర్పినవారిలో జేమ్స్ జేమర్సన్ ముఖ్యుడు.

ఆయన 1936లో దక్షిణ కెరొలైనాలో సముద్రతీరపు ఎడిస్టో ద్వీపములో నల్లజాతి కుటుంబములో పుట్టి, 1954లో తల్లి వెంట డెట్రాయిట్ నగరమునకు వచ్చినాడు. పాఠశాలలోనే పెద్ద బేస్ నేర్చుకొని, రాత్రులు ఆ ఊరి క్లబ్బులలో వాయించి బ్రదికినాడు. 1959 నుండి మోటౌన్ అను రికార్డుల కంపెనీలో పనిచేసినాడు. కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడట. అంధుడైన స్టీవీ వండర్ పాటలకు, సుప్రీమ్స్ పాటలకు, ఇంకెన్నో పాటలకు అడుగున నడిచినది ఆ వ్రేలే. బీటిల్స్ బృందములోని పాల్ మెకార్ట్నీ సైతము ఆయన వాయింపునుండి నేర్చుకొన్నానని చెప్పినాడు.

కాని సుమారు పన్నెండేండ్లు ఆ రికార్డుల అట్టల మీద ఆయన పేరు లేదు. 1971లో వచ్చిన మార్విన్ గే ఆల్బముతో గాని వాయించినవారి పేర్లు అచ్చుకాలేదు. మరుసటి సంవత్సరము కంపెనీ లాస్ ఏంజిలిస్‌కు తరలిపోయినది. ఆయన కూడ వెంట వెళ్లినాడు గాని అక్కడ నిలదొక్కుకోలేదు. తాగుడు ఆయనను తినివేసినది. 1983 ఆగస్టులో నలభై ఏడేండ్లకే కన్నుమూసినాడు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను గౌరవించినది. అప్పటికి ఆయన పోయి పదిహేడేండ్లు.

ఈ బ్రదుకును తలంచినప్పుడు మా సంఘపెద్ద భయము వట్టిది కాదని ఒప్పుకొన్నాము. రాత్రి సంగీతము వెనక సీసా పొంచియుండును. అయితే ఎంత వాయించినా పేరు ఎత్తనివాని గుండెలోకి అది మరింత సులువుగా దూరదా? వెలుపలివారు పిలిచి డబ్బిచ్చి చప్పట్లు కొట్టుచుండగా, సంఘము వాని పేరైనా తలంచకపోతే వాడెటు పోవును?

"అసలీ గిటార్లు మన కీర్తనలకు తగవండి" అని కూడ ఆ పెద్దలు అన్నారు. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ను జ్ఞాపకము చేసినాము. అది పడమటి దేశపు వాయిద్యమే. తండ్రి ఇంట నున్న మాండొలిన్ ఆరేండ్లకే చేతబట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసి, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతమును లోకమంతట వినిపించి, 2014లో గతించినాడు. వాయిద్యము ఏ దేశమునుండి వచ్చినను, దానికి భాష నేర్పేది వాయించే చెయ్యి. మన గుళ్లలోని హార్మోనియము మాత్రము ఎక్కడిది?

తరువాతి ఆదివారము ఒక పని చేసితిమి. మూడవ చరణములో వాయించడము ఆపమని ఆ పిల్లవానికి ముందే చెప్పినాము. వాడు ఆపినాడు. గుడిలోపలి పాట కాళ్లు తేలిపోయినట్లయినది. ముందు చాప మీద కూర్చున్న ముసలమ్మ ఒకామె వెనక్కి తిరిగి, "ఏటయ్యిందిరా?" అన్నది. సంఘమంతా వానివైపు చూచినది. శరీరములో బలహీనముగా కనబడే అవయవములే మరి అవసరమైనవని పౌలు కొరింథీయులకు నేర్పిన సంగతిని ఆనాడు ప్రసంగించితిమి. ఎక్కువ చెప్పవలసిన పని లేకపోయినది.

వాణ్ణి క్వయరులోనుండి తీయలేదు. అప్పు తీరేవరకు పెళ్లిళ్లకు వెళ్లవచ్చును, సీసా ముట్టరాదు, తిరిగివచ్చుటకు సంఘములో ఒకరు బండి మీద వెళ్లి తీసుకొనిరావలెను అని ఏర్పాటు చేసినాము. మొదటి శనివారము బండి తీసినది ఆ సంఘపెద్దే. ఆయన మనస్సు ఇంకను పూర్తిగా ఒప్పుకొనలేదు, అయినను వెళ్లినారు.

క్రిస్మసు కార్యక్రమము కాగితము మీద ఈసారి పాడినవారి పేర్ల కింద డోలక్, కీబోర్డు, బేస్ గిటారు వాయించినవారి పేర్లు కూడ వేయించితిమి. ఆ కాగితమును వాని తల్లి గోడకు అంటించినది. ఆమెకు చదువు రాదు. ఏ వరుసలో వాని పేరున్నదో వ్రేలితో మాకు చూపించినది.

మీ సంఘములో వినబడకుండ వాయించేవారెవరు? వచ్చే ఆదివారము వారి పేరు పెట్టి ఒకసారి పిలువుడి.