కొత్త లాప్‌టాప్ కొంటున్నారా? పాత సామాన్లను ఒక మాట అడగండి!

కుక్కర్‌కు కొత్త గ్యాస్కెట్ కావాలంటే మనమేం చేస్తాం? పాతదాన్ని సంచిలో వేసుకుని బజారుకు వెళ్తాం. సైజు కాస్త తేడా వచ్చినా ఆవిరి నిలవదని మనకు తెలుసు. ఇంత చిన్న వస్తువు దగ్గర చూపించే జాగ్రత్తని వేలు పోసి కొనే లాప్‌టాప్ దగ్గర మాత్రం మరిచిపోతాం. మా వదిన విషయంలో అదే జరిగింది.

వదినది నల్గొండ జిల్లా దేవరకొండ. ఇరవై ఏళ్లుగా ఇంటి ముందు గదిలోనే పెళ్లి పత్రికలు, కరపత్రాలు కంపోజ్ చేసి ఇస్తోంది. పాత కంప్యూటర్ మొరాయిస్తోందని, చిట్టీ ఎత్తిన డబ్బుతో హైదరాబాద్ వెళ్లి కొత్త లాప్‌టాప్ తెచ్చుకుంది. శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి. చేతిలో పదకొండు పెళ్లి పత్రికలున్నాయి.

తీరా ఇంటికొచ్చి చూస్తే, పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ ఎక్కనే లేదు. పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైలు తెరిస్తే, పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు! ప్రింటర్ తీగ తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. "అన్నీ మంచిగనే ఉన్నయన్నరు గదా, గిప్పుడేంది గిట్లయింది?" అని ఫోన్లో కళ్లనీళ్లు పెట్టుకుంది. దుకాణం వాళ్లను అడిగితే, "వస్తువులో లోపం లేదమ్మా, సీలు తీశాక వాపసు తీసుకోం" అన్నారు.

వాళ్లన్నదీ నిజమే. లోపం లాప్‌టాప్‌లో లేదు, పొత్తు కుదరకపోవడంలో ఉంది.

ఎందుకిలా అవుతుంది?

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఇంటి పెత్తనం చూసే ఇల్లాలు అనుకోండి. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం చెప్పేది ఆమెకు అర్థం కావాలంటే మధ్యలో ఒక దుబాసి ఉండాలి. దాన్నే డ్రైవర్ అంటారు. 2021లో వచ్చిన విండోస్ 11 కేవలం 64 బిట్ రకం. 32 బిట్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు అందులో నడుస్తాయి కానీ, 32 బిట్ డ్రైవర్లు పనికిరావు. అంతకన్నా పాతవైన 16 బిట్ ప్రోగ్రాములు అసలే నడవవు. వదిన ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్ లేనే లేదు.

ఇక అక్షరాల సంగతి. 1991లోనే యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు చోటు దక్కింది. అయినా మన డీటీపీ సెంటర్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు పెట్టిన ఫాంట్లే చాలాకాలం నడిచాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కింద దాగిన ఇంగ్లీషు అక్షరాలే బయటపడతాయి.

బయలుదేరే ముందు

ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఉన్న ప్రింటర్, స్కానర్ల మోడల్ నంబర్లు, రోజూ వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసుకోండి. ఆయా కంపెనీల వెబ్‌సైట్లలో విండోస్ 11కు డ్రైవర్ ఉందో లేదో చూడండి. వీలైతే ఒక పాత ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దుకాణానికే తీసుకెళ్లండి. అదే మన పాత గ్యాస్కెట్!

దుకాణంలో అడగాల్సినవి

* విండోస్ వేసి ఇస్తారా, ఉత్త డాస్‌తో ఇస్తారా? ధర తక్కువంటే కారణం ఇదే కావచ్చు.

* ప్రాసెసర్ ఇంటెల్, ఏఎండీ రకమా, ఏఆర్ఎం రకమా? ఏఆర్ఎం అయితే మామూలు సాఫ్ట్‌వేర్లు చాలావరకు నడిచినా, డ్రైవర్లు దానికోసం ప్రత్యేకంగా చేసినవే ఉండాలి. వేలిముద్ర యంత్రంతో పనిచేసే అక్కచెల్లెళ్లు ఇది తప్పక అడగాలి.

* ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా? కొన్నిట్లో బోర్డుకే అతికించి ఉంటుంది.

* సెకండ్ హ్యాండ్ అయితే, "ఐ5 అమ్మా" అన్న మాట ఒక్కటే నమ్మొద్దు. దాని పక్క నంబరు చూడండి. 7200 అంటే ఏడో తరం, 8250 అంటే ఎనిమిదో తరం, 1135 అంటే పదకొండో తరం. విండోస్ 11కు సాధారణంగా ఎనిమిదో తరమో, ఆ పైదో కావాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మైక్రోసాఫ్ట్ వారి 'పీసీ హెల్త్ చెక్' ఉచితంగానే ఈ సంగతి చెబుతుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, దాని మీదే ఆగిపోయే యంత్రం చవకని కొనొద్దు.

మరి వదిన సంగతి?

పాత కంప్యూటర్‌ను పారేయలేదు. దానికి ఇంటర్నెట్ తీసేసి, పాత ఫైళ్లకీ ప్రింటర్‌కీ ఉంచుకుంది. కొత్త పత్రికలు లాప్‌టాప్‌లో యూనికోడ్‌లో కంపోజ్ చేసి, పీడీఎఫ్‌గా మార్చి, పెన్‌డ్రైవ్‌లో పాతదానికి ఇస్తోంది. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చుకుంటోంది. అయితే ఒత్తులు తారుమారవుతాయి, అందుకే ప్రతి పేరూ వేలు పెట్టి చదువుతుంది.

పదకొండు పత్రికల్లో పది సమయానికి అందాయి. ఒక్క పెళ్లివారు మాత్రం ఆగలేక మల్లేపల్లి వెళ్లి కొట్టించుకున్నారు. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి పత్రిక కూడా వదినే వేసింది. "పైసలు పోతే మళ్ల సంపాయించుకుంట. గా ఇంటోళ్లు మళ్ల నా గడప తొక్కుతరా?" అంటుంది వదిన.

అందుకే చెప్తున్నా. కొనేముందు ఒక్క పూట ఆ కాగితం రాసుకోండి.