ఇంకా కట్టని పట్టణము

మొన్న సెలవుల్లో మా ఇంటి పిల్లలిద్దరు ఒక పట్టణం ఎంత పెద్దదని వాదులాడుకుంటుంటే ఎక్కడిదో స్థలం బేరమనుకున్నాము. తీరా వింటే, అది ఇంకా విడుదల కాని కంప్యూటర్ ఆటలోని పట్టణము!

ఆ ఆట ఎల్డర్ స్క్రోల్స్. ఆడేవాడే కథలో ఒక పాత్రయై కొండలు, కోటలు తిరుగుతాడు. ఆరవ భాగము వస్తుందని అమెరికాలోని బెథెస్డా సంస్థ 2018 జూన్‌లో ప్రకటించింది. చూపినది నిమిషమైనా లేదు. కొండలు, సముద్రతీరము, అంతే. దానిని బట్టే అది ఏ దేశమో, పట్టణాలెన్నో, లోకమెంతో అభిమానులు లెక్కలు కడుతున్నారు.

పెద్దవాడికి లోకము పెద్దదై ఉండాలి. 1996లో వచ్చిన రెండవ భాగము, డాగర్‌ఫాల్, బ్రిటనంత ఉన్నదట. ఊళ్లు వేలకొద్దీ. అయితే చాలామట్టుకు కంప్యూటరే అల్లినవి గనుక పది ఊళ్లు చూస్తే అన్నీ చూసినట్లే. 2011 నాటి స్కైరిమ్ 40 చదరపు కిలోమీటర్లకు మించదు. మార్కాపురంలో బయలుదేరితే కంభం చెరువు కనబడకముందే ఆ లోకము అయిపోతుంది! మహానగరమన్న చోట వంద ఇళ్లు కూడ ఉండవు. అయినా అక్కడి మనుషులకు పేర్లున్నవి, పనులున్నవి. చిన్నవాడి వాదన ఇదే. మాకు వాడి మాటే నచ్చింది.

నవ్వుదామనుకున్నాము గాని 2014 గుర్తుకు వచ్చింది. దొనకొండ రాజధాని అవుతుందని వినగానే మన పశ్చిమ ప్రకాశంలో టీకొట్ల దగ్గర ఎంతమంది పెద్దలు రోడ్లు గీయలేదు! బ్రిటిషువారి నాటి విమానాల మైదానము ఉండనే ఉన్నది గదా అన్నారు. భూముల ధరలు లేచాయి. సెప్టెంబరులో రాజధాని విజయవాడ వైపు వెళ్లింది. అప్పటికే బయానా ఇచ్చినవారిని మేమెరుగుదుము. మా పిల్లలు తమ పట్టణానికి ఇంకా పైసా ఇవ్వలేదు.