ఇరుసుకు ముందా, వెనకా?

చెరకు కొట్టే రోజుల్లో అనకాపల్లి నుంచి చోడవరం రోడ్డెక్కితే ఒక దృశ్యం కంటపడుతుంది. నిండా చెరకు వేసుకున్న తొట్టిని లాగుతూ ట్రాక్టర్ మిట్ట ఎక్కుతుంటుంది. దాని ముందు చక్రాలు నేలను అంటీ అంటనట్టు తేలుతుంటాయి. అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఎడ్లబండి కాలం వాళ్లకి బాగా తెలుసు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి, మెడకు కట్టిన తాడు ఎడ్ల గొంతుకి బిగుసుకునేది. ముందు కాస్త మొగ్గు ఉండాలి, మెడ కుంగేంత ఉండకూడదు.

ఆ ‘కాస్త’ ఎంత? ఇంట్లో ఉన్న ఎస్‌యూవీకి క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని నర్సీపట్నం మీదుగా లంబసింగి చలిలోకి పోదామనుకునేవాళ్లు ముందు వేసుకోవలసిన లెక్క ఇది. మన దగ్గర అలాంటి ట్రైలర్లు ఇంకా అరుదే. ఆశపడేవాళ్లు మాత్రం మొదట అడిగేది ఇంజను ఎన్ని హార్స్‌పవర్లని. లాగడానికేం, చాలా బండ్లు లాగేస్తాయి. వెనకది వంకర పోకుండా ఉంటుందా, ఆపమన్న చోట ఆగుతుందా అన్నది వేరే సంగతి.

సామానుతో కలిపి 800 కిలోల ట్రైలర్ ఉందనుకుందాం. కారుకి తగిలించే గుండు మీద అది మోపే బరువు అమెరికా పద్ధతిలో మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. బ్రిటన్‌లో 5 నుంచి 7 శాతం చాలంటారు. మనం 10 శాతం, అంటే 80 కిలోలు పెట్టుకుందాం. గుండుకీ ఇరుసుకీ మధ్య 3 మీటర్లుంటే, ట్రైలర్ గరిమనాభి ఇరుసుకి 30 సెంటీమీటర్లు ముందుంటుంది. జానెడున్నర కూడా లేదు! ఇప్పుడు నీళ్ల డబ్బాలు, గ్యాస్ పొయ్యి కలిపి 80 కిలోలు ఇరుసుకి 2 మీటర్ల వెనక, తలుపు దగ్గర పెట్టేశారు. త్రాసు సూత్రం ప్రకారం ముందు మోపు 53 కిలోలు తగ్గి 27కి దిగుతుంది. 880 కిలోల బండికి అది 3 శాతం. కంటికి ఏ తేడా కనిపించదు. హైవే మీద 80 కిలోమీటర్ల వేగం అందుకున్నాక తెలుస్తుంది.

అక్కడ జరిగేది తోక ఆడటం. ఒక లారీ దాటిపోయిన గాలికి ట్రైలర్ పక్కకి జరుగుతుంది. టైర్లు దాన్ని తిరిగి దారిలోకి తోస్తాయి. అది దాటి అవతలికి పోతుంది. వేగం తక్కువగా ఉంటే ఈ ఊపు రెండు మూడు సార్లతో చల్లారుతుంది. ఒక హద్దు దాటితే చల్లారడానికి బదులు ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. ముందు మొగ్గు తగ్గేకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతుంది. బరువు రెండు చివర్లలో ఉన్నా ఇదే చిక్కు. కావడి మోసేవాణ్ణి తలుచుకోండి: కుండలు చివర్లలో ఉంటాయి కాబట్టి ఉన్నచోట తిరగడం కష్టం, తిరగడం మొదలెట్టాక ఆగడం ఇంకా కష్టం. అందుకే బరువైనవి ఇరుసు మీద, దానికి కొంచెం ముందు, అడుగున పెట్టాలి.

తోక ఆడుతున్నప్పుడు స్టీరింగ్‌ని ఎదురు తిప్పి సరిచేయాలని చేతులు ఆరాటపడతాయి. మన స్పందన అర క్షణం ఆలస్యంగా చేరి ఊపుని ఇంకా పెంచుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయడమే మందు.

కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. బెల్లం దిమ్మలు తూచే ఊళ్లో కాటాకి కరువా? ట్రైలర్‌ని సమతలంగా నిలిపి, ముందు ముక్కుని ఒక దుంగ మీద, దుంగని కాటా మీద ఆనిస్తే అంకె వచ్చేస్తుంది. అయితే ఆ 80 కిలోలు కారుకి 80 కిలోలుగా చేరవు. గుండు కారు వెనక ఇరుసుకి మీటరు బయట ఉంటే, చక్రాల మధ్య దూరం 2.7 మీటర్లయితే, వెనక చక్రాల మీద 110 కిలోలు పడుతుంది, ముందు చక్రాల మీంచి 30 కిలోలు లేచిపోతుంది. చెరకు ట్రాక్టర్ కథే, చిన్న అచ్చులో. కాబట్టి వెనక సీట్లో ఎంతమంది కూర్చుంటారో కూడా ఇదే లెక్కలో కలపాలి.

గుండుని బంపర్‌కి వెల్డింగ్ చేయించడం కంటే పెద్ద తెలివితక్కువ పని లేదు. బంపర్ నలగడానికి పుట్టింది. బొలెరో, స్కార్పియో లాంటి వాటికి నిచ్చెన ఛాసిస్ ఉంటుంది. క్రెటా లాంటి వాటికి ఒళ్లే ఛాసిస్. రెండింటిలోనూ కంపెనీ చూపించిన చోట్ల బోల్టులతోనే బిగించాలి. బండితో ఇచ్చిన పుస్తకం లాగొద్దంటే లాగకూడదు, అంతే. గుండు ఊడితే ఆపడానికి రెండు గొలుసులు ముక్కు కింద కత్తెరలా వేస్తారు. ముక్కు జారినా నేలకి గుచ్చుకోకుండా ఆ కత్తెర ఊయలలా పట్టుకుంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా ఒక వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి.

ఇక ఘాట్. ఎక్కేటప్పుడు భయపడేవాళ్లని చూశాను, భయపడాల్సింది దిగేటప్పుడు. కారు 2,000 కిలోలు, ట్రైలర్ 1,000 కిలోలు అనుకుంటే, ప్రతి 100 మీటర్ల ఎత్తు దిగినప్పుడూ దాదాపు 29 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. 10 లీటర్ల మామూలు నీళ్లు మరిగే స్థాయికి చేరడానికి అంత వేడి సరిపోతుంది. 700 మీటర్లు దిగితే 70 లీటర్లు! బెల్లం పెనం కింద పెట్టాల్సిన పొయ్యి చక్రాల దగ్గర వెలుగుతున్నట్టు. డాట్ 3 బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చాక ఆ హామీ 140 డిగ్రీలకి పడిపోతుంది. మన కోస్తా గాలిలో తేమకి కొదవేముంది? ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ కాలికింద మెత్తగా కూరుకుపోతుంది, బండి ఆగదు. కాబట్టి ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగుతూ వేడిలో ఎక్కువ భాగాన్ని ఇంజను మీదికి తోసేయాలి.

ట్రైలర్‌కి సొంత బ్రేకులూ ఉండాలి. యూరప్‌లో 750 కిలోలు దాటితే తప్పనిసరి. వాటిలో తేలికైన రకం తెలివి ముచ్చటేస్తుంది: కారు నెమ్మదించగానే ట్రైలర్ దాన్ని వెనకనుంచి నెడుతుంది, ఆ నెట్టుడే ముక్కులోని కడ్డీని లోపలికి తోసి ట్రైలర్ చక్రాలకి బ్రేకు వేస్తుంది. నెట్టినవాడి చేతే ఆపించడం అన్నమాట.

ఘాట్ దిగాక ఓ చెట్టు కింద ఆపి, అరచేతిని ప్రతి చక్రానికి బెత్తెడు దూరంలో, తగలకుండా, పెట్టి చూడండి. ఒక్క చక్రమే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి వదల్లేదని. కారు చక్రాలు కాలిపోతూ ట్రైలర్‌వి చల్లగా ఉంటే, దారంతా దాని బరువుని కూడా కారే ఆపుకుంటూ వచ్చిందని.