డేగను బ్రతికించిన వేట

తుపాకి పుట్టకముందు, ఎగిరే పిట్టను నేలకు దించడానికి మనిషి మరొక పక్షి సాయం కోరాడు. అరేబియా ఎడారులనుండి మొగలుల దర్బారు వరకు డేగవేట రాజవినోదంగా వర్ధిల్లింది. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరు కూడ వేటపక్షి పేరే. తుపాకి వచ్చిన పిదప యూరప్‌లో ఈ విద్య దాదాపు మూలపడింది. అయితే, దానిని విడువని కొద్దిమంది ఓర్పు చివరకు వేటపక్షులకే ప్రాణాధారం కావడం ఈ కాలపు విశేషం.

ఇంగ్లండులోని గ్లోస్టర్‌షైర్‌లో న్యూయెంట్ ఒక చిన్న పట్టణం. ఫిలిప్ గ్లేజియర్ అనే అనుభవజ్ఞులు 1967లో అక్కడ డేగవేట కేంద్రాన్ని స్థాపించి, దేశదేశాల వేటపక్షులను ప్రజలకు చూపనారంభించారు. అటువంటి కేంద్రంలో సందర్శకునికి మొదట ఎదురయ్యేది పేర్ల చిక్కు. విశాలమైన రెక్కలు చాచి ఆకాశంలో వలయాలు తిరిగే పక్షిని బ్రిటన్‌లో ‘బజర్డ్’ అంటారు. దాని దగ్గరి బంధువులనే అమెరికాలో ‘హాక్’ అంటారు. అక్కడి జనవ్యవహారంలో బజర్డ్ అంటే రాబందు! అసలు డేగలు వేరు. పొట్టిగా గుండ్రంగా ఉండే రెక్కలతో, పొడవైన తోకతో చెట్ల సందులలో మెరుపులా దూసుకుపోవడం వాటి లక్షణం. మన తోటలలో తొండలను పట్టే జాలెడేగ ఆ కుటుంబంలోనిదే.

బజర్డుల వర్గంలోనూ వింతలకు కొదువ లేదు. ఉత్తర అమెరికా గడ్డిమైదానాలలోని ఫెరూజినస్ హాక్ కాళ్ళు వ్రేళ్ళదాకా ఈకలతో కప్పబడి ఉంటాయి. అడవిదున్నలు మందలుగా తిరిగిన రోజులలో అది వాటి ఎముకలను కూడ గూటికి వాడుకొనేది. చలనచిత్రాలలో గరుడపక్షి కూతగా వినిపించే కేక తరచు ఎర్రతోక హాక్‌ది. అరిజోనా మొదలుకొని అర్జెంటీనా దాకా నివసించే హారిస్ హాక్ కుటుంబసమేతంగా వేటాడుతుంది: ఒకటి కుందేలును పొదలోనుండి తరిమితే, మరొకటి బయట కాచుకొని ఉంటుంది. ఈ కలుపుగోలుతనం వల్లనే దానికి మనిషితోనూ సులభంగా పొత్తు కుదురుతుంది.

వీటిని పెంచేవాని దినచర్యలో తక్కెడదే ప్రథమస్థానం. బరువు మితిమీరితే పక్షి ఆకలి లేక ఏ చెట్టుకొమ్మనో కూర్చుండిపోతుంది. మరీ తగ్గితే దాని ప్రాణానికే ముప్పు. మనిషి చేతికి దళసరి తోలు తొడుగు, పక్షి కాళ్ళకు తోలు పట్టీలు, చిరుమువ్వ—ముఖ్యమైన పరికరాలు ఇవే. విడిచిన పక్షి తిరిగివచ్చేది భయంవల్ల కాదు; ఆ చేతిమీద ఆహారం దొరుకుతుందన్న నమ్మకంవల్ల. మనుష్యుల మధ్యనే పెరిగిన పిల్ల తానూ మనిషినే అనుకొని, తన జాతి జతను నిరాకరించవచ్చు. ఇటువంటి సూక్ష్మాలు గ్రహించిన మీదటనే పెంపకంలో వేటపక్షుల సంతానోత్పత్తి సాధ్యమైంది.

ఆ విద్య తెలిసినవారు చేసిన మేలుకు గాస్‌హాక్ అనే పెద్ద డేగ చరిత్రే సాక్ష్యం. అడవుల నరికివేత, వేటభూముల కాపలాదారుల తుపాకులు, గుడ్లు సేకరించేవారి దురాశ—వీటివల్ల 19వ శతాబ్దాంతానికి బ్రిటన్‌లో అది దాదాపు అంతరించింది. 1960, 1970 దశకాలలో డేగవేటగాండ్రు యూరప్ ఖండంనుండి తెప్పించుకొన్న పక్షులలో కొన్ని తప్పించుకొన్నాయి; కొన్నింటిని వారే బుద్ధిపూర్వకంగా విడిచిపెట్టారు. నేడు అక్కడి అడవులలో గూళ్ళు కట్టే వందలాది జంటలు ప్రధానంగా వాటి సంతతే. చట్టం నిషేధించినా, చాటుమాటున వాటిని చంపడం మాత్రం పూర్తిగా ఆగలేదు.

ఆ అనుభవం భారతదేశానికీ ఉపకరించింది. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల కడుపులో చేరి వాటిని హతమార్చింది. 1992–2007 మధ్య మన దేశంలోని తెల్లవీపు రాబందులలో నూటికి 99కి పైగా నశించాయి. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. హర్యానాలోని పింజోర్‌లో రాబందుల సంతతిని పెంచే కృషికి గ్లేజియర్ కుమార్తె, న్యూయెంట్ కేంద్రాన్ని నడిపిన జెమీమా పారీ-జోన్స్ సలహాలందించారు. వేటకోసం తరతరాలుగా కూడబెట్టిన జ్ఞానం ఆ విధంగా, వేటాడని రాబందు గూటికి కూడ కాపుగా నిలిచింది.